కొలతలు నమ్మదగినవి, వ్యాఖ్యానం కాదు: తెగులు సోకిన ఆకులకు మెటబాలైట్ విశ్లేషణ చేసి ఇచ్చే ఒక సేవపై సమీక్ష

బాక్టీరియా సోకిన ఆకులో జీవక్రియ ఏయే మలుపులు తిరిగిందో తెలుసుకోవాలనుకునేవారు చాలామందే ఉన్నా, అందుకు ఆకులోని మెటబాలైట్లను, అంటే జీవక్రియలో పాల్గొనే చిన్న పదార్థాలను, ద్రవ్యరాశిని బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్లను సొంతంగా నడుపుకోగలిగిన ప్రయోగశాలలు కొన్నే ఉంటాయి. మిగిలినవారు నమూనాలను గడ్డకట్టించి, రుసుము తీసుకుని విశ్లేషణ చేసి పెట్టే సంస్థలకు పంపుతారు. టమాటా మొక్కలకు సూడోమోనాస్ సిరింజే బాక్టీరియాలో డీసీ3000 అనే రకాన్ని సోకించి, ఆ ఆకులను నేను అలాంటి ఒక సంస్థకు పంపాను. సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇటువంటి సేవలు చాలావరకు ఒకే మూసలో నడుస్తాయి కాబట్టి, మరో సంస్థను ఎంచుకునేవారికి కూడా ఈ పరిశీలనలు పనికివస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: వారు ఇచ్చిన అంకెలను నమ్మవచ్చు, ఆ అంకెలకు వారు చెప్పిన అర్థాన్ని నమ్మి ముందుకు వెళ్ళకూడదు. తెగులు సోకిన ఆకులో ఏ పదార్థం పెరిగింది, ఏది తగ్గింది అన్నది ఒక ప్రశ్న. ఆ మార్పు ఎవరు తెచ్చినది అన్నది వేరొక ప్రశ్న. ఈ సేవ మొదటి ప్రశ్నకు చక్కగా జవాబిచ్చి, రెండో ప్రశ్నకు కూడా జవాబిచ్చేసినట్లు నివేదిక రాస్తుంది.

నమూనాల సేకరణకు వారు పంపిన సూచనల పత్రం మెచ్చుకోదగినది. ఆకును కోసిన క్షణం నుంచే అందులోని చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు, ఫాస్ఫేటు కలిగిన పదార్థాలు మారిపోతుంటాయి కాబట్టి, కోసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచాలనీ, కొలిచేవరకు మైనస్ 80 డిగ్రీల వద్దే ఉంచాలనీ, మధ్యలో ఒక్కసారి కరిగినా ఆ నమూనాను పారవేయాలనీ అందులో స్పష్టంగా ఉంది. వెలుతురుతో పాటు స్టార్చ్, చక్కెరల మోతాదులు మారతాయి కాబట్టి అన్ని ఆకులనూ రోజులో ఒకే వేళకు కోయాలని కూడా గుర్తుచేశారు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలను ఊరికే వదిలేసి పోలికకు వాడవద్దనీ, బాక్టీరియాను కలిపిన ద్రావణాన్నే, అంటే మా విషయంలో 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడును, బాక్టీరియా లేకుండా వాటి ఆకుల్లోకి ఎక్కించాలనీ చెప్పడం అన్నిటికంటే మంచి సలహా. ఆకులోకి నీటిని ఎక్కించినంత మాత్రానే మొక్క స్పందిస్తుంది. ఆ స్పందనను తెగులు ఖాతాలో వేయకూడదు.

ఇంత శ్రద్ధగా రాసిన పత్రంలో ఒక పెద్ద లోటు ఉంది. ఆకులో బాక్టీరియా ఎంత పెరిగిందో వారు ఎక్కడా అడగలేదు. పక్కనే ఉన్న ఆకు ముక్కను నూరి, పళ్ళెంలో పోషక మాధ్యమంపై పరచి, కాలనీలను లెక్కపెట్టే పాత పద్ధతి చాలు. ఆ అంకె లేనిదే మెటబాలైట్ల పట్టికను చదవడం కష్టం. మార్పు తక్కువగా కనిపించిన ఆకులో బాక్టీరియా జీవక్రియను మార్చలేకపోయిందా, లేక బాక్టీరియాయే అక్కడ సరిగా పెరగలేదా అన్నది దాని సాయంతోనే తేలుతుంది. అలాగే గాలిలోని తేమ గురించి కూడా దరఖాస్తులో గడి లేదు. డీసీ3000 మొక్క కణాల్లోకి పంపే ప్రొటీన్లలో హాప్‌ఎమ్1, ఏవీఆర్ఈ అనే రెండు కలిసి ఆకు కణాల మధ్య ఖాళీలను నీటితో నింపుతాయని 2016లో తేలింది. ఆ ప్రభావం అధిక తేమలోనే బలంగా కనిపిస్తుంది. మొక్కలోని ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను వ్యవస్థను ప్రేరేపించి, పత్రరంధ్రాలను మూయించి, నీరు ఆవిరై పోకుండా ఈ ప్రొటీన్లు ఆపుతాయని తరువాతి పరిశోధనలు వివరించాయి. కాబట్టి పొడి గదిలో సోకిన ఆకు, తేమ గదిలో సోకిన ఆకు ఒకే తెగులుకు చెందినవైనా ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టదగినవి కావు. నేను ఈ వివరాలను నమూనాల జాబితాకు జతచేసి పంపాను. నివేదికలో వాటి ప్రస్తావన కనిపించలేదు.

కొలత విషయానికి వస్తే, ఫిర్యాదు చేయడానికి దాదాపు ఏమీ లేదు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాల వంటి చిన్న పదార్థాలను గ్యాస్ క్రోమటోగ్రఫీతో, ఫినాలిక్ పదార్థాలు, ఆల్కలాయిడ్ల వంటి వాటిని లిక్విడ్ క్రోమటోగ్రఫీతో వేరుచేసి, రెండింటి చివరనా మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచారు. వెలికితీతలో జరిగే నష్టాన్ని సరిదిద్దడానికి ప్రతి నమూనాలోనూ రిబిటాల్‌ను తెలిసిన మోతాదులో కలిపారు. అన్ని నమూనాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన మిశ్రమాన్ని మధ్యమధ్యలో పరికరానికి ఇచ్చి, మొదటి నమూనాకూ చివరి నమూనాకూ మధ్య పరికరం దారి తప్పలేదని చూపించారు. నమూనాల మధ్య పోలికలను చుక్కలుగా చూపే ప్రధానాంశాల పటంలో ఒకే రకపు నమూనాలు ఒకచోటే గుమిగూడాయి. ముడి ఫైళ్ళను ఎవరైనా తెరవగలిగే సామాన్య ఫార్మాట్‌లో, అడగకుండానే ఇచ్చారు. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ముడి ఫైళ్ళు ఇవ్వని సేవను ఎంత చవకైనా ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

పదార్థాల గుర్తింపులో మాత్రం కొంత జాగ్రత్త పడాలి. 2007లో మెటబాలోమిక్స్, అంటే మెటబాలైట్లను మూకుమ్మడిగా కొలిచే రంగపు ప్రమాణాల కృషిలో భాగంగా గుర్తింపును నాలుగు అంచెలుగా విభజించారు. అసలైన శుద్ధ పదార్థాన్ని అదే పరికరంలో నడిపి, కనీసం రెండు లక్షణాలు సరిపోలినప్పుడే మొదటి అంచె. తెలిసిన పదార్థాల వర్ణపటాలను భద్రపరచిన గ్రంథాలయంతో (స్పెక్ట్రల్ లైబ్రరీ) పోల్చి చెప్పినది రెండో అంచె. పదార్థం ఏ తరగతికి చెందినదో మాత్రమే తెలిస్తే మూడోది. గుర్తు తెలియనిది నాలుగోది. ఈ సంస్థ తన పట్టికలో అంచెలను సూచించింది, కానీ ఆ నిలువు వరుస పట్టికకు చివరన దాగి ఉంది. నివేదిక వచనభాగంలో మొదటి అంచె పదార్థానికీ రెండో అంచె పదార్థానికీ తేడా లేకుండా రాసేశారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గాలక్టోజ్, మానోజ్ అన్నిటికీ ఒకే అణుఫార్ములా ఉంటుంది, కాబట్టి ద్రవ్యరాశి ఒక్కదానితో వాటిని వేరుచేయలేము. కణభిత్తిని కరిగించే బాక్టీరియాపై పనిచేసేవారికి గాలక్టోజ్‌కూ గ్లూకోజ్‌కూ తేడా తెలియకపోతే పనే లేదు.

ఇక అసలు విషయం. సోకిన ఆకుల్లో కొన్ని అమైనో ఆమ్లాలు, గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం, పిపెకోలిక్ ఆమ్లం, హైడ్రాక్సీసిన్నమిక్ ఆమ్లపు అమైడ్లు పెరిగాయని పట్టిక చూపింది. టమాటా, డీసీ3000 జంటను ఎరిగినవారికి ఇవేవీ ఆశ్చర్యం కలిగించవు. కొలత సరిగా సాగిందనడానికి అదొక సాక్ష్యం కూడా. అయితే నివేదిక వీటన్నిటినీ ఒకే శీర్షిక కింద చేర్చి, ఆతిథేయ మొక్క జీవక్రియను వ్యాధికారక బాక్టీరియా తనకు అనుకూలంగా మార్చుకుంటున్నదని తీర్పు చెప్పింది. ఈ జాబితాలో కనీసం నాలుగు రకాల మార్పులు కలగలిసి ఉన్నాయి. పిపెకోలిక్ ఆమ్లం మొక్క రక్షణకు సంబంధించినది. ఎఫ్‌ఎమ్ఓ1 అనే ఎంజైము దాని నుంచి తయారుచేసే ఎన్-హైడ్రాక్సీపిపెకోలిక్ ఆమ్లమే సోకని ఆకులను కూడా అప్రమత్తం చేసే సంకేతమని 2018లో తెలిసింది. అమైడ్లు కూడా రక్షణ వైపువే. కొన్ని మార్పులు నిజంగానే బాక్టీరియా ప్రొటీన్ల పని. కొన్ని పదార్థాలు మొక్కవే కావు, బాక్టీరియా కణాలు తయారుచేసుకున్నవి. ఆకును నూరినప్పుడు అందులోని బాక్టీరియాను కూడా నూరుతాము. మిగిలినవి ఎవరి ఉద్దేశమూ లేకుండా, చనిపోతున్న కణాల్లో ప్రొటీన్లు విడిపోవడం వల్ల మిగిలిన అమైనో ఆమ్లాలు. ఈ నాలుగింటినీ విడదీయని వ్యాఖ్యానం ఎంత పొడుగున్నా సమాచారం కాదు.

వీటిని విడదీయడానికి దారి లేకపోలేదు, ఆ దారికి కావలసిన నమూనాలను కూడా నేను పంపాను. సూడోమోనాస్ సిరింజే ముప్పై దాకా ఎఫెక్టర్ ప్రొటీన్లను టైప్ 3 స్రావక వ్యవస్థ అనే సూదిలాంటి నిర్మాణం ద్వారా మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. ఆ నిర్మాణాన్ని కట్టుకోలేని ఉత్పరివర్తిత (జన్యుమార్పు చెందిన) రకం ఆకులోకి చేరినా ఏ ఎఫెక్టర్‌నూ పంపలేదు. మొక్క మాత్రం దానిని గుర్తుపట్టి రక్షణకు దిగుతుంది. ద్రావణం ఎక్కించిన ఆకుకూ ఉత్పరివర్తితం ఎక్కించిన ఆకుకూ మధ్య తేడా ప్రధానంగా మొక్క రక్షణ. ఉత్పరివర్తితానికీ అసలు బాక్టీరియాకూ మధ్య తేడాలో ఎఫెక్టర్ల పాత్ర బయటపడుతుంది. ఈ మూడు వర్గాలనూ కలిపి పోల్చమని అడిగితే, సంస్థ గణాంక విభాగం రెండేసి వర్గాలను మాత్రమే పోల్చి, ప్రతి జంటకూ వేరువేరు నివేదికలు ఇచ్చింది. బహుళ పోలికల వల్ల వచ్చే తప్పుడు గుర్తింపులకు సవరణ ప్రతి జంటలోనూ చేశారు, అది సరే. మూడింటినీ ఒకే గణాంక మోడల్‌లో పెట్టే లెక్క మాత్రం చివరికి ముడి ఫైళ్ళతో మేమే చేసుకోవలసి వచ్చింది.

హార్మోన్ల కొలత వేరే ప్యాకేజీ, అదనపు రుసుము. శాలిసిలిక్ ఆమ్లం, జాస్మోనిక్ ఆమ్లం, ఐసోల్యూసీన్‌తో కలిసిన జాస్మోనేట్, ఆబ్సిసిక్ ఆమ్లం అందులో ఉంటాయి. ఒక్కొక్కదానికీ డ్యుటీరియం కలిగిన ప్రమాణ పదార్థాన్ని కలిపి కొలుస్తారు కాబట్టి ఈ అంకెలు మిగిలిన పట్టిక కంటే నిక్కచ్చిగా ఉంటాయి. సోకిన ఆకుల్లో, మొక్క రక్షణను నడిపే శాలిసిలిక్ ఆమ్లం ఆశించినంత పెరగకపోవడాన్ని చూసి, ఆ మొక్క రకానికి రక్షణశక్తి తక్కువని నివేదిక రాసింది. డీసీ3000ను ఎరిగిన ఎవరైనా మొదట అడిగే ప్రశ్న కొరోనాటిన్ గురించి. ఇది బాక్టీరియా తయారుచేసే విషపదార్థం. ఐసోల్యూసీన్‌తో కలిసిన జాస్మోనేట్‌ను అచ్చుగుద్దినట్లు పోలి ఉండి, మొక్కలోని సీఓఐ1 గ్రాహకానికి అతుక్కుని, జాస్మోనేట్ స్పందనను అణచి ఉంచే జేఏజెడ్ ప్రొటీన్లను నాశనం చేయిస్తుంది. జాస్మోనేట్ దారి తెరుచుకుంటే శాలిసిలిక్ ఆమ్లపు దారి మూసుకుంటుంది. బాక్టీరియా ఆకులోకి చొరబడే దశలో, దానిని పసిగట్టి మొక్క మూసిన పత్రరంధ్రాలను కొరోనాటిన్ మళ్ళీ తెరిపిస్తుందని 2006లో చూపించారు. అంటే శాలిసిలిక్ ఆమ్లం తగ్గి కనిపించడం మొక్క బలహీనత కాకపోవచ్చు, బాక్టీరియా తయారుచేసిన నకిలీ హార్మోను ఫలితం కావచ్చు. కొరోనాటిన్‌ను కూడా కొలవమని మేము ప్రత్యేకంగా కోరితే, ప్రమాణ పదార్థాన్ని తెప్పించి కొలిచారు, అది స్పష్టంగా కనిపించింది కూడా. అయినా మొదటి నివేదికలోని వాక్యాన్ని మాత్రం సవరించలేదు.

ఈ సేవను వాడదలచుకున్నవారు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది ఆకును మొత్తంగా నూరడం గురించి. సాధారణ ప్యాకేజీలో ఆకు మొత్తం పొడి అవుతుంది. కణం లోపలి ద్రవం, కణాల మధ్య ఖాళీల్లోని ద్రవం కలిసిపోతాయి. సూడోమోనాస్ వంటి బాక్టీరియా నివసించేది కణాల లోపల కాదు, ఆ మధ్య ఖాళీల్లో, అంటే అపోప్లాస్ట్‌లో. వాటికి తిండి అక్కడే దొరకాలి. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ ఒరైజే చేసే పనిని ఉదాహరణగా తీసుకుంటే ఈ లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ బాక్టీరియా పంపే టాల్ ఎఫెక్టర్లు మొక్క కేంద్రకంలోకి వెళ్ళి, నేరుగా డీఎన్‌ఏకు అతుక్కుని, కోరుకున్న జన్యువును మేల్కొలుపుతాయి. పీటీహెచ్‌ఎక్స్ఓ1 అనే ఎఫెక్టర్ వరిలోని స్వీట్11 జన్యువును, ఏవీఆర్ఎక్స్ఏ7 అనే మరొకటి స్వీట్14ను మేల్కొలుపుతాయి. ఈ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు చక్కెరను కణం లోపలి నుంచి బయటకు వదిలే ద్వారాలు. ఈ కుటుంబాన్ని 2010లో గుర్తించారు. స్వీట్11 జన్యువు ముందున్న నియంత్రణ భాగంలో మార్పు ఉండి, ఎఫెక్టర్ అతుక్కోలేని వరి రకాలకు, ఆ ఎఫెక్టర్ పైనే ఆధారపడే బాక్టీరియా రకాల నుంచి రక్షణ లభిస్తుంది. ప్రజననకారులు ఎక్స్ఏ13 అని పిలిచే నిరోధక జన్యువు అదే. ఇంత ముఖ్యమైన మార్పు జరిగినప్పుడు, చక్కెర లోపలి నుంచి బయటకు జరిగిందే తప్ప ఆకులోని మొత్తం చక్కెర మారనవసరం లేదు. ఆకును మొత్తంగా నూరి కొలిచేవారికి అక్కడ ఏమీ జరగనట్లే కనిపిస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో మొక్క చేసే ప్రయత్నం కూడా అలాగే తప్పిపోతుంది. బాక్టీరియా తోకలోని ఫ్లాజెల్లిన్‌ను మొక్క గుర్తించినప్పుడు, బీఏకే1 అనే ఎంజైము ఎస్టీపీ13 అనే చక్కెర వాహకాన్ని ఉత్తేజపరుస్తుందనీ, అది బయట ఉన్న చక్కెరను తిరిగి కణం లోపలికి లాగి బాక్టీరియాను పస్తు పెడుతుందనీ, ప్రయోగశాలల్లో విరివిగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌పై జరిగిన పరిశోధన 2016లో చూపింది. చక్కెర కోసం జరిగే ఈ లాగులాట అంతా కణత్వచానికి రెండు వైపులా జరిగేదే. చక్కెర ఒక్కటే కాదు. సిట్రిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం అపోప్లాస్ట్‌లో ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి సూడోమోనాస్ తన స్రావక వ్యవస్థను నడపాలా వద్దా అన్నది మారుతుంది. ఆ పదార్థాలను తక్కువగా వదిలే అరబిడాప్సిస్ ఉత్పరివర్తితంలో బాక్టీరియా ఎఫెక్టర్లను సరిగా పంపలేకపోయింది. పైగా సూడోమోనాస్‌కు చక్కెర మొదటి ఎంపిక కాదు. సేంద్రియ ఆమ్లాలను, గ్లుటామేట్ వంటి అమైనో ఆమ్లాలను ముందు ఖర్చు చేస్తుంది. గ్లూకోజ్ తగ్గలేదు కాబట్టి బాక్టీరియా ఆకులోని ఆహారాన్ని వాడుకోవడం లేదని నివేదికలో రాసిన వాక్యం ఈ సంగతి తెలియక రాసినది.

సంస్థ అపోప్లాస్ట్ ద్రవాన్ని కూడా విశ్లేషిస్తుంది, కానీ ఆ సంగతి ధరల పట్టికలో లేదు, అడిగితేనే చెబుతారు. ఆకును నీటిలో ఉంచి శూన్యంతో లోపలి గాలిని తీసి, నీటిని ఎక్కించి, తక్కువ వేగంతో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఆ ద్రవాన్ని మనమే రాబట్టి పంపాలి. కణాలు పగిలి లోపలి ద్రవం అందులో కలవలేదని నిరూపించడానికి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ వంటి, కణం లోపల మాత్రమే ఉండే ఎంజైమును పరీక్షించాలి. తెగులు ముదిరిన ఆకులో కణాలు ఎలాగూ పగులుతాయి కాబట్టి ఈ పద్ధతి తొలి దశకే పరిమితం. అయినా నా రెండో విడత నమూనాల్లో అత్యంత విలువైన సమాచారం ఈ కొద్దిపాటి ద్రవం నుంచే వచ్చింది.

ఈ సాధారణ ప్యాకేజీ సరిగ్గా సరిపోయే సందర్భాలు లేకపోలేదు. బాక్టీరియా విషం ఒకే ఒక ఎంజైమును పట్టుకుని ఆపే చోట, ఆకును నూరి కొలిచినా కథ చక్కగా కనిపిస్తుంది. బీన్స్ మొక్కల్లో ఆకుమచ్చ చుట్టూ పసుపు వలయాన్ని తెచ్చే సూడోమోనాస్ రకం ఫేసియోలోటాక్సిన్‌ను వదులుతుంది; అది ఆర్నిథీన్ కార్బమాయిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడంతో ఆర్నిథీన్ పేరుకుపోయి, ఆర్జినీన్‌కు కొరత ఏర్పడుతుంది. బాక్టీరియా మాత్రం ఆ విషానికి లొంగని మరో ఎంజైమును దగ్గర ఉంచుకుంటుంది. ఈ విషం తయారయ్యేది 18 నుంచి 20 డిగ్రీల చల్లని వాతావరణంలో. వేడిగా ఉన్న గదిలో పెంచిన మొక్కలను పంపితే పట్టికలో ఏమీ దొరకదు. పొగాకులో కార్చిచ్చు తెగులుకు కారణమైన టాబ్‌టాక్సిన్ గ్లుటమీన్ సింథటేజ్‌ను ఆపుతుంది, అమ్మోనియా పేరుకుపోతుంది. ఇలాంటి వ్యవస్థలపై పనిచేసేవారు ఈ సేవను నిస్సంకోచంగా వాడవచ్చు.

పదార్థం మొక్కదా బాక్టీరియాదా అన్న ప్రశ్న తేలికగా తేలదని చెప్పడానికి పుట్రెసిన్ మంచి ఉదాహరణ. రాల్స్టోనియా సోలనసియారం సోకి వడలిపోతున్న టమాటా దారువులోని ద్రవంలో పుట్రెసిన్ అనే పాలీఅమీన్ బాగా పెరుగుతుంది. దానిని బాక్టీరియా తానే పెద్ద మోతాదులో తయారుచేస్తుందనీ, అది తెగులును వేగవంతం చేస్తుందనీ 2018లో ప్రచురించారు. మరుసటి ఏడాదే, అదే బాక్టీరియా పంపే బీఆర్‌జీ11 అనే టాల్ తరహా ఎఫెక్టర్, మొక్కలోని ఆర్జినీన్ డీకార్బాక్సిలేజ్ జన్యువును మేల్కొలిపి మొక్క చేతనే పాలీఅమీన్‌లను తయారు చేయిస్తుందని మరో బృందం చూపింది. రెండూ నిజమే. మెటబాలైట్ పట్టిక ఒక్కదానితో ఈ రెంటిలో దేని వాటా ఎంతో చెప్పలేము. రెండు వైపులా ఉత్పరివర్తితాలు కావాలి. అగ్రోబాక్టీరియం మరీ వింత. అది తన డీఎన్‌ఏ ముక్కనే మొక్క జన్యురాశిలో చేరుస్తుందని 1977లో నిరూపితమైంది. ఆ జన్యువుల వల్ల మొక్క కణాలు నోపలీన్, ఆక్టోపీన్ వంటి ఒపైన్లను తయారుచేస్తాయి, వాటిని అగ్రోబాక్టీరియం తింటుంది. పరిచయస్తులు ఇదే సంస్థకు పంపిన, అగ్రోబాక్టీరియం తెచ్చే క్రౌన్ గాల్ కంతుల నివేదికను చూశాను. ఆ కంతిలో చూడవలసిన మొదటి పదార్థమైన నోపలీన్, మొక్కల కోసం కూర్చిన వర్ణపట గ్రంథాలయంలో లేనందువల్ల, పరికరం గీసిన రేఖాచిత్రంలో గుర్తు తెలియని శిఖరంగా మిగిలిపోయింది.

జీవక్రియా మార్గాల విశ్లేషణ అనే రంగుల భాగం గురించి తక్కువ చెబితే మంచిది. మారిన పదార్థాలను కెగ్ అనే సమాచార నిధిలోని జీవక్రియా పటాలపై పరచి, ఏ మార్గాలు ప్రభావితమయ్యాయో ఒక యంత్రం జాబితా ఇస్తుంది. అన్ని జీవులకూ ఉమ్మడిగా గీసిన పటాలను వాడి, టమాటాకు మాత్రమే చెందినవాటిని ఎంచుకోకపోవడంతో, మా టమాటా ఆకులో, బాక్టీరియా మాత్రమే తయారుచేసే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీ మార్గం గణనీయంగా మారిందని నివేదిక ప్రకటించింది. గ్లూకోజ్, మయో-ఇనోసిటాల్ ఆ పటంలో ఉండడమే ఇందుకు కారణం. ఈ పేజీని మా విద్యార్థులు గోడకు అంటించుకున్నారు.

మరో సంగతి ధరల పట్టికలో చిన్న అక్షరాల్లో కూడా లేదు. పదార్థాలను వెలికితీయడానికి వాడే మిథనాల్‌లో కరగని మడ్డిని పారవేస్తారు. స్టార్చ్, కణభిత్తి పదార్థాలు అందులోనే పోతాయి. నిమ్మజాతి చెట్లలో గ్రీనింగ్ తెగులు తెచ్చే లిబెరిబాక్టర్ పోషక కణజాలంలో నివసిస్తుంది; అది సోకిన ఆకుల్లో కనిపించే అతిపెద్ద జీవక్రియా మార్పు స్టార్చ్ మేటవేయడం. మెత్తకుళ్ళు తెచ్చే పెక్టోబాక్టీరియం పెక్టిన్‌ను కోసే ఎంజైములతోనే బతుకుతుంది. ఈ రెండింటిపై పనిచేసేవారు ఆ మడ్డిని తిరిగి పంపమని ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. అడిగితే పంపుతారు.

ఏ సమయంలో కొలిచినా ఆ క్షణపు నిల్వ మాత్రమే తెలుస్తుందన్నది మరిచిపోరాదు. తొట్టిలో నీటిమట్టం చూసి ఎంత నీరు వచ్చి ఎంత పోతున్నదో చెప్పలేనట్లే, గ్లుటామేట్ మోతాదు మారకపోయినంత మాత్రాన దాని తయారీ, వాడకం మారలేదని అనలేము. బాక్టీరియా తింటున్నంత వేగంగా మొక్క తయారుచేస్తూ ఉండవచ్చు. కార్బన్-13తో గుర్తుపెట్టిన కార్బన్ డయాక్సైడును మొక్కకు ఇచ్చి, ఆ గుర్తు ఏయే పదార్థాల్లోకి, ఎంత వేగంగా చేరుతున్నదో చూసే పద్ధతి ఈ సంస్థలో ఉంది. ఖరీదైనదే, దాని లెక్కలు చూసుకోగలిగినవారు బృందంలో ఉండాలి. ఆ రెండూ కుదిరితే, మామూలు ప్యాకేజీని అనేక నమూనాలకు చేయించడం కంటే కొద్ది నమూనాలకు దీనిని చేయించడమే మేలు.

సేవ తీరు గురించి రెండు మాటలు. నివేదిక చెప్పిన గడువు దాటి వచ్చింది, ఆలస్యం గురించి ముందుగా తెలియజేయలేదు. నమూనాలను కొలిచిన రసాయన శాస్త్రవేత్తతో మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఏ శిఖరాన్ని ఎందుకు ఏ పేరుతో గుర్తించారో ఓపికగా, దాపరికం లేకుండా వివరించారు. వ్యాఖ్యానం రాసిన విభాగంలో మొక్కల తెగుళ్ళు తెలిసినవారు లేరని ఆ సంభాషణలోనే అర్థమైంది. తరువాతి ఆర్డరులో మార్గాల విశ్లేషణను, వ్యాఖ్యానాన్ని వద్దన్నాము. అందుకు రుసుములో చెప్పుకోదగ్గ తగ్గింపు ఇచ్చారు. మిగిలిన సొమ్మును కొరోనాటిన్‌తో కూడిన హార్మోన్ల కొలతకు, అపోప్లాస్ట్ ద్రవానికి మళ్ళించి, వర్ణపట గ్రంథాలయంలో బాక్టీరియా పదార్థాలను కూడా చేర్చి వెదకమని కోరాము. ఆ కోరికకు అదనపు రుసుము అడగలేదు.